గోదావరి డెల్టా వ్యవసాయ పట్టణం, దాని బడి

నిర్వచనం, పరిధి

గోదావరి డెల్టాలో వ్యవసాయ పట్టణం అంటే చుట్టుపక్కల పల్లెల ధాన్యం వచ్చి చేరే ఊరు. కాలవ రేవు, వారపు సంత, రైసు మిల్లులు, కమీషను కొట్లు, ఒక గుడి, ఒక ప్రభుత్వ కచేరీ దాని గుర్తులు. అక్కడి జనంలో చాలామంది స్వయంగా నాగలి పట్టకపోయినా వారి రాబడి పంట మీదే ఆధారపడి ఉంటుంది. ఇప్పటి పశ్చిమ గోదావరి జిల్లాలోని నరసాపురం, పాలకొల్లు, ఆచంట, పెనుగొండ ఇలాంటి ఊళ్లే. వీటిలో నరసాపురం ఒకప్పుడు రేవు పట్టణం కూడా. పాలకొల్లు పంచారామాల్లో ఒకటైన క్షీరారామానికి నెలవు. 17వ శతాబ్దంలో డచ్చివారు అక్కడ వర్తకం చేశారు. ఈ వ్యాసంలో బడి అన్న మాట వీధి బడి నుంచి జిల్లా పరిషత్ హైస్కూలు వరకు అన్నిటికీ వర్తిస్తుంది.

డెల్టా ఊళ్ల బడి గురించి సాధారణంగా రెండు కథనాలు వినిపిస్తాయి. బడి ప్రభుత్వం తెచ్చిపెట్టిందని ఒకటి. అది ఊరు తనంతట తాను కట్టుకున్నదని రెండోది. రెండింటికీ ఆధారాలున్నాయి. అయితే ఆధారాలన్నిటినీ వరసగా పేర్చి చూస్తే మూడో విషయం బయటపడుతుంది. బడికయ్యే ఖర్చును పంట నుంచి ఏ దారిన రాబట్టారన్నదే ప్రతి దశలోనూ బడి స్వరూపాన్ని నిర్ణయించింది. అందులో ఎవరు కూర్చోవాలో, ఎవరు గడప బయట నిలబడాలో తేల్చింది కూడా చాలావరకు అదే. ఖర్చు రాబట్టే దారి మొదట మామూళ్లు, తరువాత శిస్తుతో కలిసిన చందా, ఆపైన సెస్సు, దాతల విరాళం, చివరికి ఖజానా డబ్బు. ఒకటి పోయి మరొకటి వచ్చినప్పుడల్లా తరగతి గదిలో కూర్చునేవారు మారుతూ వచ్చారు.

భౌగోళిక, ఆర్థిక నేపథ్యం

గోదావరి మీద ఆనకట్ట రాకముందు డెల్టా అంటే సిరిసంపదల సీమ కాదు. 1833 నాటి కరువు, వరదలు, తుపానులు, శిస్తు బకాయిలు కలిసి రాజమండ్రి జిల్లాను చితికిపోయేలా చేశాయి. 1821లో సుమారు 7,38,000గా లెక్కకెక్కిన జనాభా 1841 నాటికి దాదాపు 5,61,000కు తగ్గింది. ఈ పతనానికి కారణాలు విచారించిన హెన్రీ మాంట్‌గొమరీ 1844లో నివేదిక ఇచ్చాడు. ఆ తరువాత ఆర్థర్ కాటన్ ప్రతిపాదనతో 1847లో ధవళేశ్వరం ఆనకట్ట పని మొదలై 1852లో ముగిసింది (చూ. ధవళేశ్వరం ఆనకట్ట).

కాలవలు రెండు పనులు చేశాయి. చేలకు నీరిచ్చాయి, పడవలకు దారిచ్చాయి. సార్వా పంట నిలకడగా చేతికొచ్చింది. కాలక్రమంలో దాళ్వా కూడా విస్తరించింది. ధాన్యం పడవల్లో రేవులకు చేరసాగింది. పల్లెలో తిండిగింజలకు పోను మిగిలినదాన్ని పట్టణంలో అమ్మి రొక్కం చేసుకునే వీలు కలిగింది. రొక్కంతో పాటే రాతపని పెరిగింది. నీటి తీరువా లెక్క, కౌలు కాగితం, అప్పుపత్రం, కోర్టు దావా చదవగలిగినవాడికి పట్టణంలో గిరాకీ ఏర్పడింది. చదువు మీద రైతుకు ఆసక్తి పెరగడానికి ఈ కాగితాలు ఒక ముఖ్య కారణం. చదవడం రాకపోతే ఎదుటివాడు రాసిన లెక్కకు వేలిముద్ర వేయక తప్పదని ప్రతి కిస్తుకూ అనుభవమయ్యేది.

తొలి దశ: వీధి బడి

ఆనకట్టకు ముందూ బడులున్నాయి. మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1822లో జిల్లాలవారీగా విచారణకు ఆదేశించాడు. ఆ లెక్కల ఆధారంగా 1826లో రాసిన మినిట్‌లో మద్రాసు ప్రెసిడెన్సీ మొత్తానికి 12,498 బడులు, సుమారు 1,88,000 మంది విద్యార్థులు తేలారు. దాదాపు వెయ్యిమందికి ఒక బడి అన్నమాట. ఈ విచారణలో వచ్చిన నివేదికల్లో వివరమైనది బళ్లారి కలెక్టరు ఎ. డి. క్యాంప్‌బెల్ 1823లో పంపినది. తెలుగు వ్యాకరణం రాసిన క్యాంప్‌బెల్ ఇతడే. అతని లెక్క ప్రకారం ఆ జిల్లాలో 533 బడులు, వాటిలో 226 తెలుగు బడులు. విద్యార్థులు 6,641 మంది. వారిలో ఆడపిల్లలు 60 మంది మాత్రమే.

బడి నడిచే తీరును క్యాంప్‌బెల్ దగ్గరగా చూసి రాశాడు. పొద్దున్నే అందరికంటే ముందు వచ్చిన పిల్లవాడి అరచేతిలో గౌరవంగా సరస్వతి పేరు రాసేవారు. రెండోవాడికి సున్న. మూడోవాడి నుంచి దెబ్బలు మొదలయ్యేవి, వెనకబడిన కొద్దీ లెక్క పెరిగేది. తెలుగు నాట వీధి బడుల్లో ఇదే ఆచారానికి ‘శ్రీ, చుక్క’ అని పేరు. మొదటివాడికి శ్రీ, రెండోవాడికి చుక్క పెట్టేవారు. ఇసుకలో వేలితో ఓనమాలు దిద్దడం, గుణింతాలు, ఎక్కాలు వల్లె వేయడం, తరువాత తాటాకు మీద గంటంతో రాయడం పాఠక్రమం. అచ్చు పుస్తకాలు వచ్చాక పెద్దబాలశిక్ష తాటాకు స్థానాన్ని చాలావరకు ఆక్రమించింది. శిక్షల్లో గుంజీలు, కోదండం పేరుపడ్డవి.

పంతులుగారి భత్యం పిల్లల తలిదండ్రులే ఇచ్చుకునేవారు. నెలకింత రొక్కమో, కళ్లంలో కొలిచిన గింజలో, పండగ మామూళ్లో ముట్టేవి. దసరాకు పిల్లలు విల్లంబులు పట్టుకుని, పాట పాడుతూ ఇల్లిల్లూ తిరగడం ఈ ఏర్పాటుకు బహిరంగ రూపం. అయ్యవారికి దక్షిణ, పిల్లలకు పప్పుబెల్లాలు దక్కేవి. దీన్ని వేడుకగానే చూస్తే అసలు సంగతి తప్పిపోతుంది. బడి ఏడాది ఖర్చులో ఒక భాగం ఆ ఊరేగింపులోనే వసూలయ్యేది. గుమ్మం ముందు పాడినప్పుడు లోపలి నుంచి ఇవ్వగలిగిన ఇళ్ల పిల్లలే ఆ బడిలో ఉండేవారు. పంట పోయిన ఏడు పంతులుగారి భత్యమూ పోయేది. పేదరికం వల్ల బడులు క్షీణిస్తున్నాయని క్యాంప్‌బెల్ స్వయంగా రాయడానికి ఇదే నేపథ్యం.

రెండో దశ: శిస్తుతో కలిసిన బడి చందా

1850ల మధ్యలో రాజమండ్రి సబ్ కలెక్టరు జి. ఎన్. టేలర్ నరసాపురంలో తెలుగు బడి తెరిపించాడు. దాన్ని చూసి పాలకొల్లు, ఆచంట, పెనుగొండ ఊళ్లవారు తమకూ కావాలన్నారు. తరువాత పల్లెల నుంచి కొత్త ప్రతిపాదన వచ్చింది. శిస్తుతో పాటు బడి కోసం అదనంగా కొంత చెల్లిస్తామని రైతులు ఒప్పుకున్నారు. ప్రభుత్వం దాన్ని అంగీకరించింది. 1854 నాటి చార్లెస్ వుడ్ విద్యా పత్రం ప్రజల విరాళాలకు ప్రభుత్వ సాయం జోడించాలని చెప్పిన రోజులవి. అందువల్ల గోదావరి ఏర్పాటు మద్రాసు విద్యాశాఖ దృష్టిలో పడింది. దానికి చట్టబద్ధత ఇవ్వడానికే 1863లో మద్రాసు విద్యా చట్టం చేశారు. మిగతా జిల్లాల్లో అది పెద్దగా అమలు కాలేదు. నరసాపురంలో టేలర్ పేరు ఒక హైస్కూలుకు ఇప్పటికీ ఉంది.

ఈ దశను స్థానిక ప్రజల స్వచ్ఛంద కృషిగా చెప్పడం పరిపాటి. ఆ మాటను కొంత సవరించుకోవాలి. చందా శిస్తుతో కలిసే వసూలయ్యేది. వసూలు చేసేవారు కరణం, మునసబులే. శిస్తు అడిగేవాడే బడి చందా అడిగితే కాదనడం చిన్న రైతుకు సులువు కాదు. పైగా ఒప్పందం మీద ఊరి తరఫున మాట్లాడేది పెద్ద రైతులు. కాబట్టి ఒప్పుకున్నది ఊరు అన్నప్పుడు, ఊరి పేరుతో మాట్లాడగలిగినవారు అని చదువుకోవడం నిజానికి దగ్గర. అలాగని దీన్ని వట్టి బలవంతమనీ కొట్టిపారేయలేం. అదే చట్టం ఉన్నా ఇతర జిల్లాల్లో పాతుకోని ఏర్పాటు ఇక్కడ నిలిచింది. కొత్తగా పారిన నీటి వల్ల మిగులు ఉండడమే ఆ తేడాకు అన్నిటికంటే సరిపడే వివరణ.

వీధి బడికీ దీనికీ మౌలికమైన భేదం ఒకటుంది. వీధి బడిలో పిల్లవాణ్ణి పంపినవాడే ఇచ్చేవాడు. చందా బడిలో పిల్లలు లేనివాడూ, పంపనివాడూ కూడా భూమి ఉన్నందుకు ఇచ్చాడు. బడి ఒక ఇంటి ఖర్చుగా కాకుండా ఊరి ఖర్చుగా మారిన మొదటి సందర్భం ఇది. పంతులుగారికి నికరమైన జీతం వచ్చింది. ఆయన జవాబు చెప్పుకోవలసింది తలిదండ్రులకు కాక ఇనస్పెక్టరుకైంది.

మూడో దశ: బోర్డులు, సెస్సు, దాతలు

1871 నాటి స్థానిక నిధుల చట్టం, దాని తరువాత 1884 నాటి స్థానిక బోర్డుల చట్టం ఈ బాధ్యతను సంస్థలకు అప్పగించాయి. జిల్లా బోర్డు, తాలూకా బోర్డు, పెద్ద ఊళ్లకు యూనియన్లు ఏర్పడ్డాయి. భూమి మీద వేసిన సెస్సులో అధిక భాగం రోడ్లకు పోగా, కొంత బడులకు, ఆస్పత్రులకు దక్కేది. 1920 నాటి మద్రాసు ప్రాథమిక విద్యా చట్టం స్థానిక సంస్థలు విద్యా పన్ను వేసుకోవడానికి, ఎంచుకున్న ప్రాంతాల్లో నిర్బంధ విద్య అమలు చేయడానికి వీలు కల్పించింది. 1925లో పశ్చిమ గోదావరి విడి జిల్లాగా ఏర్పడడంతో దానికి సొంత జిల్లా బోర్డు వచ్చింది.

ప్రాథమిక బడికి సెస్సు చాలేది. హైస్కూలుకు చాలేది కాదు. పెద్ద భవనం, సైన్సు సామాను, పట్టభద్రులైన ఉపాధ్యాయులు కావాలి. ఇక్కడే దాత ప్రవేశించాడు. స్థలమో, భవనమో, మూలధనమో ఇచ్చి పేరు పెట్టించుకోవడం డెల్టా పట్టణాల్లో ఆనవాయితీ అయింది. హైస్కూలు గోడ మీది శిలాఫలకంలో దాత పేరు, ఇచ్చిన భూమి ఎకరాలు, ప్రారంభోత్సవం చేసిన అధికారి పేరు కనిపిస్తాయి. హైస్కూలు ఉన్న ఊరికి చుట్టుపక్కల పల్లెల పిల్లలు వచ్చి చేరేవారు. వారితోపాటు వారి ఇళ్ల వ్యాపారమూ వచ్చేది. అందువల్ల దాతృత్వంలో ఊరి ప్రతిష్ఠ, ఊరి లాభం రెండూ కలిసి ఉన్నాయి. రెండోది ఉన్నంత మాత్రాన మొదటిది బూటకం కాదు. అయితే దాత ఏ ఊరివాడైతే హైస్కూలు ఆ ఊరికే వచ్చేది. అవసరం ఎక్కువ ఉన్న లంక గ్రామాలకు కాదు.

హైస్కూలు చదువుకు నెలనెలా జీతం కట్టాలి. అప్పటి వాడుకలో ఫీజుకు జీతమనే పేరు. దూరపు పల్లెల పిల్లలకు దానితో పాటు తిండి, బస కూడా సమస్యే. పేద బ్రాహ్మణ విద్యార్థులు వారాలు చేసుకునేవారు. అంటే వారంలో ఒక్కో రోజు ఒక్కో ఇంట భోజనం. ఇతర కులాలవారు సొంత హాస్టళ్లు కట్టుకున్నారు. ఈ రెండు సదుపాయాలూ కులం గీసిన గీతల మీదే నడిచాయి.

గడప బయట ఉన్నవారు

చేలో నాటు వేసి, కోసి, కుప్ప నూర్చినవారి పిల్లలు ఈ బడుల్లో దాదాపు కనిపించరు. మాల, మాదిగ కుటుంబాలకు చాలావరకు భూమి లేదు కనుక సెస్సు కట్టేవారి లెక్కలో లేరు. బడి ఊళ్లో ఉండేది, వారి పేట ఊరి చివర ఉండేది. చట్టం అడ్డుకోకపోయినా ఆచారం అడ్డుకునేది. పాలేరుగా కుదిరిన పిల్లవాడి ఏడాది జీతం ముందే అప్పులో జమ అయ్యేది. అతన్ని బడికి పంపడమంటే ఒక ఏడాది అప్పు తీరకుండా నిలబెట్టడమే.

వారికి బడి వేరే దారిన వచ్చింది. 1830ల చివర నుంచి నరసాపురంలో విలియం బౌడెన్, జార్జి బీర్ వంటి మిషనరీలు పనిచేశారు. డెల్టాలో ఇతర ప్రాంతాల్లో లూథరన్ మిషన్ బడులు పెట్టింది. 1917లో బెజవాడలో భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన జరిగిన సభ ఈ కులాలకు ఆది ఆంధ్ర అన్న పేరును ముందుకు తెచ్చింది. 1920 ప్రాంతంలో మద్రాసు ప్రభుత్వ కార్మిక శాఖ అణగారిన కులాల కోసం విడిగా బడులు తెరవసాగింది. ఆడపిల్లల చదువుకూ విడి చరిత్ర ఉంది. ఆనకట్ట వల్ల పెరిగిన ధవళేశ్వరంలోనే కందుకూరి వీరేశలింగం 1874లో బాలికల పాఠశాల స్థాపించాడు. అయినా పట్టణపు హైస్కూలు చాలాకాలం మగపిల్లల బడిగానే ఉండిపోయింది.

రకాలు, నిర్వహణ

20వ శతాబ్దపు మధ్యనాటికి ఒక మోస్తరు డెల్టా పట్టణంలో నాలుగు రకాల బడులు కనిపించేవి. బోర్డు బడి మొదటిది. యాజమాన్యం ప్రైవేటుదై, జీతాలు ప్రభుత్వం భరించే ఎయిడెడ్ బడి రెండోది. మూడోది మిషన్ బడి, నాలుగోది మునిసిపల్ బడి. 1959లో పంచాయతీ సమితులు, జిల్లా పరిషత్తుల చట్టం వచ్చాక బోర్డు హైస్కూలు జిల్లా పరిషత్ హైస్కూలైంది. ప్రాథమిక బడులు సమితుల కిందికి, 1980ల మధ్యలో మండల వ్యవస్థ వచ్చాక మండల పరిషత్తుల కిందికి చేరాయి. పేరు మారినా ఊరివాళ్ల నోట చాలాకాలం బోర్డు హైస్కూలే.

బడి కాలపట్టిక పంట కాలపట్టికతో ముడిపడి ఉంది. సంక్రాంతి సెలవులు సార్వా కోతలూ నూర్పిళ్లూ ముగిసే రోజుల్లో వస్తాయి. ఊడ్పుల వేళ, కోతల వేళ కూలి ఇళ్ల పిల్లల హాజరు పడిపోవడం ఉపాధ్యాయులకు కొత్త కాదు. హాజరు పట్టీని పంటల పట్టికతో పక్కపక్కన పెట్టి చదివితే ఆ ఊరి కూలి అవసరం ఏ నెలలో ఎంతో తెలుస్తుంది.

ఆక్షేపణలు, సమాధానాలు

పై వాదం మీద మూడు ఆక్షేపణలు రావచ్చు. మొదటిది: నీరు పారని బళ్లారి జిల్లాలోనే 533 బడులుంటే, పంట మిగులుకీ బడికీ సంబంధమేమిటని. నీరే బడిని పుట్టించిందని ఈ వ్యాసం వాదించడం లేదు. బడులు మెట్ట సీమలోనూ ఉన్నాయి. అక్కడ అవి ఒక్కో ఇంటి చెల్లింపు మీద నిలిచాయి, ఇళ్లు చితికితే బడులూ చితికాయి. డెల్టాలో ఆనకట్ట తరువాత వచ్చిన మార్పు బడుల సంఖ్యకంటే చెల్లింపు పద్ధతిలో ఉంది.

రెండోది: మిషన్ బడులు భూమితో నిమిత్తం లేకుండా వచ్చాయి కదా అని. నిజమే. అయితే అవి బయటి డబ్బుతో వచ్చాయి. ఊరి పంట నుంచి తీసిన డబ్బు ఊరి చివరి పేట దాకా పోలేదు కనుకనే బయటి డబ్బు అవసరమైంది. మతం, సంస్కరణ, ఆత్మగౌరవ పోరాటం వీటి వెనక చోదక శక్తులు. వాటిని ఆర్థిక కారణానికి కుదించడం తగదు. ఐతే ఆ శక్తులు పనిచేయవలసి వచ్చిన ఖాళీని సృష్టించింది మాత్రం చెల్లింపు పద్ధతి.

మూడోది అన్నిటికంటే బలమైనది. స్వాతంత్ర్యం తరువాత ఖర్చంతా క్రమంగా రాష్ట్ర ఖజానా భరిస్తోంది, కాబట్టి ఈ సూత్రం చెల్లిపోయింది అన్నది. ఖజానా భరించడం వల్ల ద్వారాలు తెరుచుకున్నది వాస్తవం. సాంఘిక సంక్షేమ హాస్టళ్లు, 2003 జనవరిలో మొదలైన మధ్యాహ్న భోజనం, 2010లో అమల్లోకి వచ్చిన విద్యా హక్కు చట్టం కూలి ఇళ్ల పిల్లలను బడిలోకి తెచ్చాయి. కానీ అదే కాలంలో వరి మిగులు, చేపల, రొయ్యల చెరువుల రాబడి, ఉద్యోగాల రాబడి ప్రైవేటు బడుల వైపు మళ్లాయి. ఒకప్పుడు హైస్కూలుకు భూమి ఇచ్చిన కుటుంబాల తరువాతి తరాలు తమ పిల్లలను పసుపుపచ్చ బస్సులో పక్క ఊరి ఇంగ్లీషు మీడియం బడికి పంపుతున్నాయి. అంటే చెల్లింపు మళ్లీ వీధి బడి నాటి పద్ధతికి, ఎవరి పిల్లవాడికి వారే ఇచ్చుకునే పద్ధతికి వచ్చింది. సూత్రం చెల్లిపోలేదు, లోపలివారూ బయటివారూ తారుమారయ్యారు.

ప్రస్తుత స్థితి

ఆంధ్రప్రదేశ్‌లో 2019 నవంబరులో మొదలైన నాడు–నేడు కార్యక్రమం ప్రభుత్వ బడుల భవనాలు, మరుగుదొడ్లు, తాగునీటి సదుపాయాలపై పెట్టుబడి పెట్టింది. 2020 జనవరిలో ఆరంభమైన అమ్మఒడి తల్లి ఖాతాలో ఏటా 15,000 రూపాయలు వేసేలా రూపొందింది. ప్రైవేటు బడి పిల్లల తల్లులకూ అది వర్తించింది. ఖజానా డబ్బు బడికి కాక ఇంటికి వెళ్లడం చెల్లింపు చరిత్రలో కొత్త మెట్టు. 2021లో ఎయిడెడ్ సంస్థలను ప్రభుత్వంలో కలిపే ప్రయత్నం వివాదమైంది. 2022లో 117వ నంబరు ఉత్తర్వు ప్రకారం అనేక ప్రాథమిక బడుల నుంచి 3, 4, 5 తరగతులను దగ్గరి హైస్కూళ్లకు తరలించారు. విమర్శల తరువాత 2025లో ఆ విధానాన్ని వెనక్కి తీసుకున్నారు. తరగతుల తరలింపును సమర్థించినవారు సబ్జెక్టు టీచర్లు దొరుకుతారన్నారు. వ్యతిరేకించినవారు కాలవ దాటి, రోడ్డు దాటి చిన్నపిల్లలు నడవలేరన్నారు. రెండు వాదాల్లోనూ పిల్లల సంఖ్య తగ్గిన బడే చర్చకు మూలం.

ప్రాముఖ్యం

డెల్టా పట్టణపు బడికి ఉన్న చారిత్రక విలువ అది ఎందరు ప్రముఖులను తయారుచేసిందన్న దానిలో లేదు. పంట మిగులును ఊరి ఉమ్మడి అవసరానికి మళ్లించిన కొద్ది సంస్థల్లో అది ఒకటి. ఆ మళ్లింపు పిల్లలను పంపనివారి చేత కూడా ఖర్చు పెట్టించింది. కానీ ఖర్చు పెట్టలేనివారి పిల్లలను లోపలికి తీసుకోవడానికి మరో వంద సంవత్సరాలకు పైగా పట్టింది. లోపలికి వాళ్లు వచ్చేసరికి ఖర్చు పెట్టగలవారు బయటికి నడిచారు. పై వరుసలవారూ కింది వరుసలవారూ ఒకే గదిలో, ఒకే ఊరి ఖర్చుతో చదువుకున్న కాలం ఈ చరిత్రలో చాలా పొట్టిది. నేటి బడి సంస్కరణలను అంచనా వేసేటప్పుడు కట్టిన గదులు, చేర్చిన పిల్లల లెక్కతో పాటు ఈ కొలతనూ వాడవలసి ఉంటుంది: శిలాఫలకం మీద పేరున్న ఇంటి పిల్లలూ, ఆ పొలంలో కోతకు వచ్చిన ఇంటి పిల్లలూ ఒకే హాజరు పట్టీలో ఉన్నారా లేదా అని.